కొలతగొలుసు పట్టిన చేయి
– క్లౌ దొరగారి జీవితంలో దేవుని నడిపింపు



అంతా దేవుని చిత్తం అనే మాట మన యిండ్లలో రోజుకు పదిసార్లయినా వినబడుతుంది. ఉద్యోగం వస్తే దేవుని చిత్తమంటాము, రైలు తప్పిపోయినా దేవుని చిత్తమే అంటాము. మాట మంచిదే. అయితే ఏది దేవుని నడిపింపు, ఏది మన మనస్సు పుట్టించుకున్న కోరిక అని ఎలా గుర్తుపట్టాలి? ఆదివారపు బడిలో పెద్ద తరగతి పిల్లలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన సూత్రం ఒకటుంది. పాఠమెప్పుడూ తెలిసినదాని నుండి తెలియనిదానికి నడవాలి. కనుక తెలుగు బాప్టిస్టులమైన మనకు బాగా తెలిసిన ఒక పేరు తీసుకొని ఈ పాఠం చెప్పుకుందాము. ఆ పేరు జాన్ ఎవరెట్ క్లౌ. మన తాతముత్తాతలు ఒంగోలు క్లౌ దొరగారని పిలుచుకున్న దైవసేవకుడు ఆయనే.

కొండమీద ప్రార్థన, అడవిలో కుర్రవాడు

క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో, ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర పుట్టారు. అదే 1836లో సామ్యూల్ డే అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ తెలుగువారి మధ్య పనిచేయడానికి మన దేశంలో అడుగుపెట్టారు. డేగారు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏండ్లు గడచినా ఫలితం కనబడలేదు. తెలుగు మిషనును మూసివేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించుకున్నారు. పటంమీద ఒంటరిగా ఉన్న ఆ నెల్లూరు చుక్కనుబట్టే దానికి ఒంటి నక్షత్రం అనే పేరు వచ్చింది.

1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు పక్కనున్న కొండమీద అయిదుగురు మోకరించారు. వారు లైమన్ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, మన తెలుగు విశ్వాసులైన నర్సు, జూలియా, రూతు. కింద కనబడుతున్న ఊళ్లను చూపి, ఈ ప్రాంతానికి ఒక సేవకుని పంపుమని వారు దేవునిని వేడుకున్నారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు.

ఆ ఉదయం అమెరికాలో క్లౌకు పదిహేడేండ్లు. అతడు పాదిరి కావాలని కలలు కనడం లేదు. ఆ కాలంలో అతడు చేరిన పని మిన్నెసోటా ప్రాంతంలో అడవులు, బురదనేలలు కొలిచే ప్రభుత్వ సర్వే పని. ఆ రోజుల్లో సర్వేకు వాడే గొలుసు అరవైయారు అడుగులు, నూరు లింకులు. ఎనభై గొలుసులైతే ఒక మైలు. చలిలో, దోమలలో గొలుసు లాగటం, మట్టం చూడటం, లెక్క రాయటం, కూలివాళ్లచేత పని చేయించటం, వాళ్లకు అన్నం ఏర్పాటు చేయటం, ఇదే అతని బడి అయింది. డబ్బు కూడబెట్టి న్యాయవాది కావాలని అతని ఆశ.

ఇక్కడ కొంచెం ఆగుదాము. కొండమీద ప్రార్థించినవారికి అడవిలో ఉన్న కుర్రవాడు తెలియదు. ఆ కుర్రవానికి ఒంగోలు అనే పేరే తెలియదు. రూతు 2:3 తెరచి చూడండి. పరిగె ఏరుకోవడానికి బయలుదేరిన రూతుకు ఏ పొలమైతేనేమి? ఆమె కాలు పెట్టిన పొలం మాత్రం బోయజుది. 1 సమూయేలు 9వ అధ్యాయంలో సౌలు తప్పిపోయిన గాడిదలను వెదుక్కుంటూ పోయి సమూయేలు ఎదుట నిలబడ్డాడు. పరిగె ఏరటం, గాడిదలను వెదకటం, గొలుసు లాగటం – ఇవన్నీ రోజువారీ పనులే. దేవుడు తరచుగా నడిపించేది ఆ దారిలోనే. అయితే నడుస్తున్నవారికి అది అప్పుడే కనబడదు.

సుద్దముక్కతో గీసిన గీత

చదువు కోసం అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో చేరినప్పుడు అతనికి ఒక భక్తిగల విద్యార్థి గదిలో తోడయ్యాడు. ఆ తోటివాడు ప్రతి రాత్రి బైబిలు చదివి మోకాళ్లూనేవాడు. క్లౌకు అది చిరాకు. గది మధ్యలో సుద్దతో గీత గీసి, నీ భక్తి నీ వైపునే ఉంచుకో, ఇటు రానీయకు అని ఒప్పందం చేసుకున్నాడు. తోటివాడు వాదించలేదు, తన వైపున తాను ప్రార్థన మానలేదు. కొన్నాళ్లకు గీత దాటి అటు వెళ్లి మోకరించినవాడు క్లౌయే. 1858లో బాప్తిస్మం పొందాడు. 1861లో హేరియెట్ అనే యువతిని వివాహమాడాడు. 1862లో కళాశాల చదువు ముగించాడు.

ఆ ఏడే జ్యూయెట్‌గారు అమెరికాకు వెళ్లారు. తెలుగు మిషను మూతపడే మాట మళ్లీ లేచింది. మీరు పంపినా పంపకపోయినా నేను ఆ ప్రజల దగ్గరకే తిరిగిపోతానని ఆయన పట్టుపట్టారు. మిషనుకు ప్రాణం నిలిచింది, తోడు పంపాలన్న తీర్మానం జరిగింది. అలా ఏర్పడినవారు క్లౌ దంపతులు. 1864 నవంబరు 30న బోస్టన్ రేవులో ఓడ ఎక్కారు. జ్యూయెట్‌గారు కూడా అదే ఓడలో ఉన్నారు. దాదాపు అయిదు నెలల ప్రయాణం తరువాత 1865 ఏప్రిల్‌లో మదరాసు చేరారు. కొంతకాలం నెల్లూరులో భాష నేర్చుకొని, 1866 సెప్టెంబరులో క్లౌగారు ఒంగోలులో కాపురం పెట్టారు. కొండమీది ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండేండ్లు పైన పట్టింది.

తెరచుకున్న బైబిలు

దొరగారు రాకముందే ప్రభువు ఇంకొకరిని సిద్ధపరచి ఉంచాడు. తాళ్లకొండపాడు వాసి యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారం చేసే మాదిగ సోదరుడు. సత్యాన్ని వెదకుతూ గురువుల దగ్గర తిరిగినవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరు ప్రాంతంలో సువార్త ఆయన చెవిన పడింది. మీ ఒంగోలుకు కూడా ఒక బోధకుడు వస్తాడని అక్కడివారు చెప్పగా ఆయన ఎదురుచూశాడు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిదిమంది సభ్యులతో సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే దొరగారు తాళ్లకొండపాడు వెళ్లగా పేరయ్యగారి మాట విని నమ్మినవారు ఇరవై ఎనిమిదిమంది బాప్తిస్మం పొందారు.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. ఒంగోలులోని పై కులాలవారు దొరగారిని గౌరవించారు, తమ పిల్లలను ఆయన బడికి పంపారు. ఊరి పెద్దలు వస్తే ఊరంతా వస్తుందని ఆ కాలపు మిషనరీల లెక్క. మాదిగలను చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలూ రారు అని ఆ పెద్దలు తేల్చి చెప్పారు. ఒకవైపు పేరు, చదువు, పలుకుబడి. మరొకవైపు ఊరి బావి దగ్గరకు రానివ్వని జనం.

మనసు కలత చెంది క్లౌగారు తన గదిలోకి వెళ్లారు. పంచిపెట్టడానికి ఉంచిన కొత్త బైబిళ్లలో ఒకటి తీసి తెరిచారు. కన్ను పడింది 1 కొరింథీయులకు 1:26 దగ్గర. లోకంలో బలహీనులైనవారిని, ఎన్నికలేనివారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకొనుటనుగూర్చి అపొస్తలుడు వ్రాసిన భాగమది. అదే సమయంలో మరో గదిలో ఉన్న దొరసానిగారు అదే భాగం చదివి, ఇదే మనకు జవాబు అని చెప్పడానికి వచ్చారు. తానూ అదే చదివానని దొరగారు చెప్పగా ఇద్దరూ ఆశ్చర్యపడ్డారు. మాదిగ సోదరులను చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు బడి విడిచి పోయారు.

ఈ సంగతి మనలో చాలామంది విన్నదే. అయితే దీనిని తప్పుగా నేర్చుకునే ప్రమాదం ఉంది. కొందరు కండ్లు మూసుకొని బైబిలు తెరిచి, వ్రేలు పడిన వచనంతో పెండ్లి సంబంధమో, ఇల్లు కొనుగోలో తేల్చుకుంటారు. అది శకునం చూడటమే గాని దేవుని నడిపింపును గుర్తించటం కాదు. క్లౌగారి విషయంలో మూడు సంగతులు గమనించండి. మొదటిది, ఆ వచనం ఆయనకు కొత్త కాదు. అంతకుముందు చదివినదే ఆ వేళ తన ఎదుట నిలబడిన మనుషుల ముఖాలకు సరిపోయింది. రెండవది, ఆ ఒక్క వచనమే కాదు, లేఖనమంతా అదే చెప్పుచున్నది. పక్షపాతమును గురించి యాకోబు 2వ అధ్యాయం, కొర్నేలీ ఇంట పేతురు నేర్చుకున్న పాఠం అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయం చూడండి. మూడవది చాలా ముఖ్యం. ఆ వచనం ఆయన కోరిక తీర్చలేదు. కష్టమైన దారి చూపింది, కట్టిన బడిని ఖాళీ చేసింది.

వాక్యము, ఎదుటనున్న అవసరము ఒకదానితో ఒకటి కలిసి, లోబడటానికి ఖర్చు అడిగినప్పుడు అది దేవుని నడిపింపే. ఖర్చు లేకుండా మన ఇష్టాన్నే తిరిగి చెప్పే వచనాన్ని మాత్రం రెండుసార్లు పరీక్షించుకోవాలి.

ఖర్చు దొరగారిది మాత్రమే కాదు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మ్రొక్కకూడదు అనే మూడు నియమాలు కొత్త విశ్వాసులు పట్టుకున్నారు. జాతరకు డప్పు కొట్టం అన్నందుకు, ఆదివారం వెట్టికి రాము అన్నందుకు కరణం, మునసబుల కోపానికి గురయ్యారు. కొందరికి పని పోయింది, నీళ్లు అడ్డగించారు. చదువురాని ఆ పెద్దలు నిలబడ్డారు గనుకనే ఈనాడు మనం ఈ పత్రిక చదువుకుంటున్నాము.

కరువు, కాలువ

1876లో వానలు తప్పాయి. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణ దేశమంతటా లక్షలమంది చనిపోయారు. పశువులు పోయాయి, విత్తనాలు తినివేశారు, ఊళ్లు బోసిపోయాయి. ప్రభుత్వం కరువు పనిగా సముద్ర తీరాన పడవల కాలువ త్రవ్వించ సాగింది. అప్పటి మదరాసు గవర్నరు పేరున దానికి బకింగ్‌హాం కాలువ అని పేరు. కాని పనిచోట మేస్త్రీల తిట్లకు, దెబ్బలకు భయపడి చాలామంది బక్కజనం దగ్గరకు పోవటానికే వెనుదీశారు.

అప్పుడు క్లౌగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని తానే కంట్రాక్టుగా తీసుకున్నారు. రాజుపాలెం దగ్గర గుడిసెలతో క్యాంపు వేశారు, బావులు త్రవ్వించారు. మన తెలుగు బోధకులను పనిమీద పైవిచారణకు పెట్టారు. వేలమంది అక్కడ పని చేసి కూలి తీసుకొని ప్రాణాలు నిలుపుకున్నారు. మధ్యాహ్నం గంపలు దించి కూర్చున్నప్పుడు బోధకులు వారి మధ్య కూర్చొని, ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలిచిన సంగతి చెప్పేవారు. మత్తయి 11:28 గంప మోసేవానికి వ్యాఖ్యానం అక్కరలేని వచనం.

చదువరులారా, లెక్క చూడండి. మూడున్నర మైళ్లంటే రెండువందల ఎనభై గొలుసులు. మట్టం చూడటం, మట్టి లెక్క కట్టటం, కూలివాళ్లకు పని పంచటం వేదాంత కళాశాలలో నేర్పరు. మిన్నెసోటా అడవిలో ఇరవైయేండ్ల క్రిందట నేర్చుకున్నది, ఎందుకూ పనికిరాలేదనుకున్నది ఒంగోలు కరువులో వేల ప్రాణాలకు అన్నమయింది. నిర్గమకాండము 4వ అధ్యాయంలో దేవుడు మోషేను అడిగింది అతని చేతిలో అప్పటికే ఉన్న కఱ్ఱను గురించే. గొఱ్ఱెలు కాసిన కఱ్ఱయే ఎఱ్ఱ సముద్రం ముందు చాపబడింది.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. కరువు మంచిదని, సంఘం పెరగటానికే దేవుడు కరువు పంపాడని మేము అనబోము. యోసేపు తన అన్నలు చేసిన కీడును మేలు అనలేదు. వారు కీడు తలపెట్టగా దేవుడు దానిని మేలుకు త్రిప్పాడని మాత్రమే చెప్పాడు. ఆదికాండము 50:20 ఈ తేడాను చక్కగా చూపుతుంది. ఆకలితో పోయినవారి ముందు మనం తల వంచి మౌనంగా ఉండటమే తగినది.

పదిహేను నెలల తలుపు

కరువులో బాప్తిస్మం అడిగేవారు గుంపులుగా వచ్చారు. ఏ మిషనరీకైనా సంతోషమే. కాని క్లౌగారు తలుపు మూశారు. అన్నం పంచుతున్న చేతితో బాప్తిస్మం ఇస్తే వచ్చేది విశ్వాసమో ఆకలో ఎవరికీ తెలియదని ఆయన భయం. యోహాను 6:26లో రొట్టెలు తిని వెంటవచ్చిన గుంపుతో ప్రభువు చెప్పిన మాట ఆయనకు ఎదుట ఉంది. పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయ నిధి ముగిసిన తరువాతనే, 1878 జూన్ మధ్యలో తలుపు తెరిచారు. ఇక డబ్బు లేదు, అన్నం లేదు, వచ్చేవారు అది తెలిసి రావాలని బోధకులచేత ముందే చెప్పించారు.

అయినా జనం వచ్చారు. ఒంగోలుకు ఉత్తరంగా గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో కూడుకున్నారు. బోధకులు తమ తమ ఊళ్లవారిని విచారించి, పేర్ల జాబితాలు పట్టుకొని నిలబడ్డారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజులలో 3,536 మంది నీళ్లలోకి దిగారు. 3వ తేదీన బాప్తిస్మమిచ్చినవారు మన తెలుగు బోధకులు ఆరుగురు. ఒకేసారి ఇద్దరేసి నదిలో నిలబడి, అలసినప్పుడు మరో ఇద్దరు దిగుతూ ముగించారు. క్లౌగారు ఆ రోజు ఒక్కరికి కూడా తన చేతితో ఇవ్వలేదు. ఒడ్డున ఉండి పని చూసుకున్నారు. ఆ దినం తెలుగువారి చేతులమీదుగా జరిగింది.

ఇంతమందిని తొందరపడి చేర్చారని తరువాత విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలకు జవాబు ఆ పదిహేను నెలలే. దేవుని నడిపింపు అంటే తెరచిన ప్రతి తలుపులోకి దూరటం కాదు. వాక్యం ఆగమన్నప్పుడు ఆగటం కూడా నడిపింపే. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఆత్మ పౌలును రెండుచోట్ల అడ్డగించిన తరువాతనే మాసిదోనియ దర్శనం కలిగింది.

1893లో హేరియెట్ దొరసానిగారు కన్నుమూశారు. క్లౌగారు వృద్ధాప్యం వరకు ఒంగోలునే తన ఊరు చేసుకొని, 1910 నవంబరు 24న న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టరులో ప్రభువు సన్నిధికి వెళ్లారు. రెండవ భార్య ఎమ్మాగారు ఆయన చెప్పిన సంగతులు గ్రంథస్థం చేయగా 1914లో అది అచ్చయింది.

దూరదేశపు తెలుగువారికి

ఈ చరిత్రలో మనవంటి వలసవారికి ఒక ప్రత్యేకమైన పుట ఉంది. చెరకు తోటల పనికి ఒప్పందంమీద దక్షిణాఫ్రికాలోని నాటాలుకు పోయిన తెలుగువారికి కాపరి లేడని విని, తెలుగు సంఘాలవారే తమ హోం మిషనరీ సొసైటీ ద్వారా 1903లో జాన్ రంగయ్యగారిని అక్కడికి పంపారు. ఎవరినైతే చేర్చుకోవద్దని ఒంగోలు పెద్దలు అన్నారో, ఆ జనంలోనుండి పెరిగిన సంఘాలు ఒక తరం దాటకముందే సముద్రం దాటి సేవకుని పంపాయి. క్లౌగారు అది చూచి మరీ కన్నుమూశారు.

ఆ కాలువ సంగతి కూడా చెప్పాలి. రైళ్లు, రోడ్లు పెరిగాక అది పూడిపోతూ వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, పొంగిన నీటిని ఆ పాత కాలువ చాలాచోట్ల తనలోకి తీసుకొని వెనుకనున్న ఊళ్లకు దెబ్బ తగ్గించిందని శాస్త్రజ్ఞులు వ్రాశారు. అదే రోజున తీరంలో ఎందరో జాలరులు చనిపోయారు. కనుక దేవుని ఏర్పాటును సులువైన కూడికలు తీసివేతలకు దించరాదు. మోషేకు సహితం దేవుడు ముఖం చూపలేదు, దాటిపోయిన తరువాత వెనుకపార్శ్వం మాత్రమే చూపాడు. నిర్గమకాండము 33:23 చదివి ఆలోచించండి. నడిపింపు చాలవరకు వెనుకకు చూచినప్పుడే తెలుస్తుంది.

ఆ వెనుకచూపు మన యిండ్లలో తగ్గిపోతున్నదని మా విచారం. కోలారు బంగారు గనులకు, షోలాపూరు మిల్లులకు, మదరాసు రేవుకు, బరంపురం బజారుకు, యానాం ఒడ్డుకు మన పెద్దలు ఏ చేతి పనితో వచ్చారో మనవలకు తెలియదు. ఎవరు తాపీ పట్టుకొని వచ్చారు, ఎవరు మగ్గం విడిచి వచ్చారు, ఎవరు అప్పులకు తాళలేక రాత్రికి రాత్రి బయలుదేరారు? కుటుంబ ప్రార్థనలో వారానికొక రోజు ఒక పెద్దవారు ఆ కథ చెప్పాలి. పక్కనే రూతు, యోసేపు, ఎస్తేరు చరిత్రలలో ఒకటి చదవాలి. పిల్లలు ఒక నోటు పుస్తకంలో వ్రాసుకోవాలి. తెలుగు లిపి రాని పిల్లలు తమకు వచ్చిన కన్నడంలోనో, తమిళంలోనో, ఒరియాలోనో వ్రాసుకొన్నా తప్పులేదు. లిపి తరువాత నేర్పవచ్చు. కథ పోతే మళ్లీ రాదు.

ఆ పుస్తకం నిండేసరికి పిల్లలు తామే ప్రశ్న మార్చి అడుగుతారు. దేవుడు నాకు ఏమి ఇస్తాడు అని కాదు, ఆయన ఇప్పటికే నా చేతిలో ఏమి పెట్టాడు, దానితో నేను ఎవరికి అన్నం పెట్టాలి అని. ఆ ప్రశ్న మన పిల్లల నోట వినే భాగ్యం ప్రభువు మన సంఘములన్నిటికి అనుగ్రహించును గాక. ఆమెన్.